మెలకువ రాగానే ఎవరి మొహం

"పేరు పంపింది ఎవరో తేలేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు" అంది అత్తగారు.

అని ఊరుకోలేదు. వంటింటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ కుర్చీ లాగిందంటే విచారణ మొదలైనట్టే. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి.

కోడలు లోపల గిన్నెలు తుడుస్తోంది. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది. తేలు కుట్టిన దొంగకి అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు అంటారు చూడండి, అదీ ఆమె అవస్థ.

పొద్దున ఆ ఫోను అత్తగారు కాకుండా ఇంకెవరైనా ఎత్తి ఉంటే ఎంత బాగుండేదో. కానీ మెట్లపక్క ముక్కాలిపీట మీద ఉండే ఆ ఫోను మోగితే, ఆవిడకంటే ముందు ఎత్తగలిగిన మొనగాడు ఈ ఇంట్లో ఇంకా పుట్టలేదు.

చేసింది ఏటా సమానత్వ పురస్కారాలు ఇచ్చే సంఘంలోంచి ఒకావిడ. ఆడదాన్ని ప్రేమించే ఆడవాళ్లు, మగవాణ్ణి ప్రేమించే మగవాళ్లు, ఇద్దరిలో ఎవరినైనా ప్రేమించగలిగినవాళ్లు ఉంటారు కదా, వాళ్లకీ నలుగురితో సమానంగా బతుకు దక్కాలని పాటుపడినవాళ్లని వెతికి, సభ పెట్టి గౌరవిస్తారు. ఈ ఏడు ఆ గౌరవం ఈ ఇంటి పెద్దకూతురికి. ఆవిడ పెద్దాస్పత్రిలో నర్సు.

అక్కడితో ఆగినా పోయేది. "పేరు మీ ఇంటి నుంచే వచ్చిందండీ. ఆ ఆపరేషను గది సంగతి చదివి మా అందరికీ కళ్లు చెమర్చాయి. పంపినవాళ్లు సభకి వస్తారు కదా? మళ్లీ మధ్యాహ్నం చేస్తాను" అంది ఫోనులో ఆవిడ. పంపిందెవరమ్మా అని అత్తగారు తేనె పూసిన గొంతుతో అడిగితే, "అది వాళ్లంతట వాళ్లు చెప్పుకోవాలండీ" అని పెట్టేసింది.

ఆ సంఘం పద్ధతే వేరు. పెద్దమనుషుల చేత బహుమానం ఇప్పించరు. పేరు పంపినవాళ్లే వేదికెక్కి, ఎందుకు పంపారో నలుగురిలో నోరారా చెప్పి, తమ చేత్తో ఇవ్వాలి. వాళ్లు రాకపోతే వేదిక మీద ఒక ఖాళీ కుర్చీ వేసి, బహుమానం దాంట్లో పెడతారు. అందుకోవలసిన మనిషే వంగి తీసుకుని దిగిపోవాలి.

ఆ వంగడం తలుచుకునేసరికి కోడలి చేతిలో గిన్నె జారింది.

"ఏమిటా చప్పుడు?" అంది అత్తగారు వెనక్కి తిరక్కుండానే.

"గిన్నె, అత్తయ్యా."

"గిన్నె అని నాకూ తెలుసు. ఎందుకు జారింది అని."

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే లోపలే మెట్లమీద చెప్పుల చప్పుడయింది. కింద దుకాణం, పైన కాపురం. దుకాణం తలుపు సగం దించి కొడుకు పైకి వచ్చాడు. కళ్లజోళ్ల దుకాణం ఆయనది. కళ్లజోడు చొక్కా అంచుతో తుడవకండి, గీతలు పడతాయి అని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. కోపం వస్తే మాత్రం తనది చొక్కా అంచుతోనే తుడుస్తాడు. ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు.

"అక్కకి ఫోను చేశాను. డ్యూటీ దిగి ఇటే వస్తోంది. ఆ స్టీరింగు కూడా వస్తుందట" అన్నాడు.

స్టీరింగంటే డ్రైవింగు నేర్పే ఆవిడ. పెద్దకూతురు ఉంటున్నది ఆవిడతోనే. ఆ కాపురం మొదలై చాలా ఏళ్లయింది గానీ, ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ దాన్ని కాపురం అనలేదు. ఆవిడ పేరు పలకడం ఇష్టంలేక, ఆవిడ పనినే పేరు చేసేశారు.

"రానీ. నాలుగు అడుగుతాను. ఇంత పని చేసింది అదే."

"అదేనమ్మా. ఆపరేషను గది అన్నారు కదా. చెయ్యి విరిగి ఆపరేషను అయింది ఆవిడకేగా. ఇంకెవరికయింది?"

"నాకు కన్ను చేశారు."

"అయితే నువ్వు పంపావా?"

"నోటికొచ్చినట్టు వాగకు. దీనికి కడుపులో రాళ్లు తీశారు కదరా" అని అత్తగారు మెడ తిప్పి కోడలివైపు చూసింది. ఆపరేషను చేయించుకున్న ఆ కన్ను మహా చురుకైనది.



కొడుకు మాత్రం ఆ గొడవలోనే ముసిముసిగా నవ్వాడు. "దీని సంగతి నాకు తెలియదా. అక్క పుణ్యమా అని లోపలికి పిలిపించింది నన్ను. మంచం పక్కన నిలబడ్డాను. ఇలా కళ్లు తెరిచింది, అలా నన్ను చూసింది. దుకాణానికి వచ్చే ప్రతివాళ్లకీ చెబుతాను ఆ మాట. లోకంలో ఎన్ని చూసినా, కళ్లు తెరవగానే చూడవలసింది అదేనండీ అని."

కోడలు తల వంచుకుని గిన్నె తుడిచింది.

ఆ మాట ఆయన చెప్పడం ఆమె ఎన్నిసార్లు విందో. దుకాణంలో ఆమె పని కళ్లజోడు కాడలు వంచడం. వేడి ఇసుక పెట్టెలో కాడ గుచ్చి, మెత్తబడ్డాక చెవి వెనక ఎక్కడా ఒరుసుకోకుండా వంపు తిప్పాలి. ఆయన ఆ కథ ఎత్తుకున్నప్పుడల్లా ఆమె ఇసుకలో కాడ గుచ్చి తలెత్తేది కాదు.

పెద్దకూతురు వచ్చింది. వస్తూనే వెనక వసారా కుళాయి దగ్గరికి వెళ్లి మోచేతులదాకా చేతులు కడుక్కుంది. ఎవరింటికి వెళ్లినా ముందు అదే పని. ఆమె వెనకే స్టీరింగు, తాళంచెవుల గుత్తి గుప్పిట్లో నొక్కి పట్టుకుని.

విచారణ హాల్లోకి మారింది కాబట్టి అత్తగారి కుర్చీ కూడా హాల్లోకి మారింది. కోడలు వచ్చి ఓ మూల కూర్చుంది.

"వద్దని చెప్పు అక్కా" అన్నాడు తమ్ముడు, కూర్చోమని కూడా అనకుండా. "ఒక్క ఫోను. ఒంట్లో బాలేదని చెప్పు."

"బాగున్న ఒంటిని బాలేదనడం నావల్ల కాదురా. నర్సుని."

"వీధిలో నేను తలెత్తుకు తిరగాలా వద్దా?"

"వీధికి తెలియనిది ఏముందిరా? వీధందరికీ కళ్లజోళ్లు పెట్టినవాడివి నువ్వే కదా. చూపు బాగానే ఉండి ఉంటుంది వాళ్లకి."

స్టీరింగుకి నవ్వు వచ్చి, దాన్ని దగ్గులోకి తిప్పేసింది.

అత్తగారు నవ్వలేదు. "తెలియడం వేరు, చెప్పడం వేరు. తెలిసినవాళ్లు కూడా తెలియనట్టే ఉంటున్నారు. ఆ చాటునే ఇన్నాళ్లూ బతికాం మనం. మీ అమ్మాయి ఎక్కడుంటోంది అంటే, ఇంకో ఆవిడతో కలిసి అద్దెకుంటోంది అంటాను. మంచిపనేనండీ, ఒంటరి ఆడదానికి తోడుండాలి అంటారు. వాళ్ల మర్యాద వాళ్లకి, నా మర్యాద నాకు. మైకులో అరిచాక ఇంకేం చెప్పమంటావే వాళ్లకి?"

"నిజం చెప్పమ్మా."

"నిజానికేం, ఎప్పుడైనా చెప్పచ్చు. చెప్పాక వెనక్కి తీసుకోలేం."

"రివర్సు గేరు ఉండదు దానికి" అంది స్టీరింగు మెల్లగా.

"నువ్వు మాట్లాడకు. చేసిందంతా చేసి."

"నేను పంపలేదండీ."

"మా ఇంటి నుంచే వచ్చిందన్నారు."

"అయితే ఇన్నాళ్లకి నన్ను ఈ ఇంటి మనిషిగా లెక్కేశారు. నింద వెయ్యడానికైనా సరే, సంతోషం."

అత్తగారికి ఒక్క క్షణం మాట తడబడింది. ఆవిడ దగ్గర మాట తడబడితే తర్వాత వచ్చేది రాయే. "మొగుడితో కాపురం చేసినదానివి. ఆయన పోతే కుళ్లి కుళ్లి ఏడ్చావని మా అమ్మాయే చెప్పింది. అదీ నిజమే అంటావు, ఇదీ నిజమే అంటావు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినదాన్ని ఎలా నమ్మమంటావు?"

పెద్దకూతురు లేవబోయింది. స్టీరింగు ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"రెండు పడవలు కాదండీ. ఒక పడవ మునిగిపోయింది. ఒడ్డున చాలాకాలం కూర్చున్నాను. తర్వాత ఇంకో పడవ ఎక్కాను. ఆయన్నీ ప్రేమించాను, ఈవిడనీ ప్రేమిస్తున్నాను. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం అయి తీరాలా?"

 కుళాయి సరిగ్గా కట్టినట్టు లేదు, వసారాలో నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి.

"అక్కా" అన్నాడు కొడుకు. "ఆపరేషను గది సంగతి ఏమిటో నీకు తెలుసా?"

పెద్దకూతురు మొహం మారింది. ఆ మాట ఆమె ఇప్పుడే వినడం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మరదలి వైపు చూసింది. వెంటనే చూపు దించి తన తెల్లబూట్ల వైపు చూసుకుంది.

"తెలుసు."

"ఎవరిదది?"

"మంచం దగ్గర విన్న మాట గుమ్మం దాటదురా. అమ్మ కంటికట్టు విప్పే ముందు అమ్మనీ అడిగాను. అమ్మ ఏం చెప్పిందో ఎప్పుడైనా నీకు చెప్పానా?"

"నేనేం చెప్పానో నాకే గుర్తులేదు" అంది అత్తగారు గబుక్కున.

ఎప్పుడో పోయిన చెంబు సంగతి కూడా మరిచిపోని మనిషి ఆవిడ. అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ కిటికీ వైపు చూసింది.

"ఈవిడేనా పంపింది?" అన్నాడు కొడుకు స్టీరింగుని చూపించి.

"కాదు."

"మరెవరు?"



"మంచినీళ్లు తెస్తాను" అని కోడలు లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎవరూ అడగలేదని గుమ్మం దాటాక గుర్తొచ్చింది.

వెనకే స్టీరింగు వచ్చింది. గ్లాసులు అందుకుంటున్నట్టు దగ్గరికి జరిగి, "నువ్వే కదూ" అంది.

కోడలు కుండ మూత పట్టుకుని నిలబడిపోయింది.

"కంగారుపడకు. వెనకవాళ్లని అద్దంలో చూడటం నా పని. అందరూ నన్ను చూస్తుంటే నువ్వొక్కదానివే నేలని చూస్తున్నావు."

"టీచరుగారూ, మిమ్మల్ని అన్ని మాటలు అంటుంటే నా నోరు పెగల్లేదు."

"నాకు అలవాటేలే. మీ వదినకి తెలుసా నువ్వేనని?"

"ఇప్పుడే తెలిసింది."

తెలియక ఏం చేస్తుంది? ఆ ప్రశ్న పెట్టింది ఆవిడే. మత్తు ఇవ్వబోయే ముందు మంచం దగ్గరికి వచ్చి, మనిషి చెయ్యి పట్టుకుని, ప్రతివాళ్లనీ ఒకే గొంతుతో అడుగుతుంది. మెలకువ రాగానే ఎవరి మొహం కనబడాలి? మొగుడెవరు, పెళ్లామెవరు, బంధువెవరు అని అడగదు. ఎవరి మొహం చెబితే వాళ్లనే లోపలికి పిలుస్తుంది. ఒక ముసలి వడ్రంగి, తలుపు బయట నిలబడ్డ ఇంకో ముసలాయన్ని చూపించాడు. ఒక కాలేజీ పిల్ల తన స్నేహితురాల్ని చూపించి కళ్లు గట్టిగా మూసుకుంది, ఏమంటారోనని. ఏమీ అనలేదు. పిలిచింది, అంతే. మొదట్లో పైవాళ్లు అదేం ప్రశ్న అన్నారు. పోట్లాడింది. ఇప్పుడు ఆ ఆస్పత్రిలో అన్ని వార్డుల్లోనూ అదే అడుగుతారు.

కడుపులో రాళ్లు తీసిన రోజు కోడల్నీ అడిగింది. తలుపు బయట ఆయన, లోపల ఈమె.

"నువ్వే ఉండు వదినా" అంది కోడలు. "ఆయన వద్దు."

వదిన ఎందుకని అడగలేదు. సరే అంది.

మెలకువ వచ్చేసరికి వదిన మొహమే ఉంది. కోడలు ఏడ్చింది. నొప్పికి కొంత, భయానికి కొంత, ఎప్పటివో దాచుకున్నవి కొంత. అడ్డం చెప్పేవాళ్లు లేరు కదా, తనివితీరా ఏడ్చింది. వదిన తడిగుడ్డతో మొహం తుడిచింది. జుట్టు సవరించింది. అప్పుడంది, "ఇప్పుడు కళ్లు మూసుకో. వాణ్ణి పిలుస్తాను. మళ్లీ తెరిచేటప్పుడు వాణ్ణి చూద్దువుగాని."

ఆయన చూసింది ఆ రెండో మెలకువ.

ఆ సంగతి ఆమె కడుపులోనే ఉండిపోయేది. కిందటి నెల ఒకావిడ కళ్లజోడు వదులైందని వచ్చింది. ఇసుకలో కాడ మెత్తబడుతుంటే ఆవిడ తమ సంఘం గురించీ, బహుమానాల గురించీ చెప్పుకొచ్చింది. ఎవరైనా ఉంటే చెప్పండి, నోటితో చెప్పినా చాలు మేం రాసుకుంటాం అంది. దుకాణంలో ఆయన లేడు. కోడలి నోరు దానంతట అదే తెరుచుకుంది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. కాడ కాలిపోయి కొత్తది వెయ్యాల్సి వచ్చింది. ఫోను నంబరు అడిగితే, "కళ్లజోడు డబ్బా మీద ఉంది కదండీ" అంది. డబ్బా మీదున్నది అత్తగారి ముక్కాలిపీట నంబరని ఆ క్షణాన తట్టలేదు. తట్టి ఉంటే ఈ రోజు ఇంట్లో పొయ్యి వెలిగేది.

"చెబితే మీ ఆయన విరిగిపోతాడు" అంది స్టీరింగు, అంతా విని. "చెప్పకపోతే ఈవిడ ఖాళీ కుర్చీలోంచి తీసుకోవాలి. అంతేనా?"

"అంతే."

"అయితే ఆ కుర్చీ సంగతి నాకు వదిలెయ్. నేనే పంపానంటాను. ఎలాగూ తిట్లు తినేశాను, దానికి తగ్గ పని చేసినట్టయినా ఉంటుంది."

"అది కాదు, టీచరుగారూ, ఆగండి..."

ఆవిడ ఆగలేదు. గ్లాసులు పట్టుకుని హాల్లోకి నడిచింది. కోడలు చెప్పబోయింది చెప్పనేలేదు. జంటలో ఒకరి పేరు ఇంకొకరు పంపితే చెల్లదు. తన గొప్ప తనే చెప్పుకున్నట్టు అవుతుందని ఆ సంఘం పెట్టుకున్న నియమం అది. పేరు కొట్టేసి, ఆ ఏటికి బహుమానమే ఆపేస్తారు.

కోడలు హాల్లోకి వచ్చేసరికి మాట జరిగిపోయింది.

"నేనే పంపాను" అంటోంది స్టీరింగు.

"అబద్ధం ఆడకు" అంది పెద్దకూతురు. 

"చూశావా" అంది అత్తగారు కొడుకుతో. "నేను చెప్పలా."

"ఇంకేం" అన్నాడు కొడుకు. "తన మనిషి పేరు తనే పంపుకుందని ఆ సంఘంవాళ్లకి చెప్పేస్తాను. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదని కూడా చెబుతాను. ఆ తర్వాత వాళ్ల ఇష్టం."

అని మెట్లపక్కకి వెళ్లాడు. ఫోను ఎత్తాడు.

కోడలికి ఎలా వెళ్లిందో తెలియదు. చూసుకునేసరికి తడిచెయ్యి ఫోను మీద ఉంది. మీట నొక్కి పట్టుకుంది. ఆయన చేతిలో ఫోను చప్పుడు లేకుండా పోయింది.

"చెయ్యి తియ్యి" అన్నాడు ఆయన.

"నేను పంపాను" అంది కోడలు.

ఆయన అర్థం కానట్టు చూశాడు. "ఏం పంపావు?"

"వదిన పేరు. నేనే పంపాను. ఈవిడకేం తెలియదు. ఆపరేషను గది సంగతి నాది."

అత్తగారు కుర్చీలోంచి లేచింది. మళ్లీ కూర్చుంది.

"చెప్పాలని లేదు నీకు" అంది పెద్దకూతురు మరదలితో. "ఇక్కడితో ఆగిపో. చాలు."

"మంచం మీద పడుకున్నది నేను వదినా. నా మాటని గుమ్మం నేను దాటించుకోవచ్చు."

అని చెప్పింది. వదిన అడిగిందీ చెప్పింది. తనేమన్నదో చెప్పింది. మొదటి మెలకువ చెప్పింది, రెండోది కూడా చెప్పింది.

ఆయన చేతిలో ఫోను పెట్టేసి కళ్లజోడు తీశాడు. చొక్కా అంచు పట్టుకున్నాడు గానీ తుడవలేదు.

"అయితే నేను చూసింది..."

"రెండోసారి."

"వీధందరికీ చెప్పాను."

"విన్నాను."

"ఒక్కసారైనా ఆపలేదేం?"

"ఎలా ఆపను? అంత సంతోషంగా చెబుతుంటే."

 ఆయన అడిగాడు, చిన్నపిల్లాడి గొంతుతో. "ఆ మంచం మీద నేను పడుకుంటే, అక్క నన్నడిగితే, ఎవరి పేరు చెబుతాననుకున్నావు?"

"నా పేరు."

"తెలిసి కూడానా?"

"తెలుసు కాబట్టే. నాకు తలనొప్పి వస్తే మీకు చెమటలు పడతాయి. పురిటికి పోతే, నొప్పులు పడుతూ మీకు ధైర్యం చెప్పాను. ఆ రోజు కళ్లు తెరవగానే మళ్లీ మీకు ధైర్యం చెప్పే ఓపిక నాకు లేదండీ. నేను ధైర్యం చెప్పక్కర్లేని మొహం ఒకటి కావాలనిపించింది. ఆ ఒక్కపూటకి. అంతకుమించి ఏమీ లేదు."

"అంతకుమించి ఇంకేం ఉండాలి" అన్నాడు ఆయన.

"నా సంగతి పోనివ్వండి. నేను మీ పేరు చెప్పినా చెప్పకపోయినా ఆ తలుపు మీకు తెరుచుకునేదే. పెళ్లి చేసుకున్నాం కదా. వీళ్లకి అలా కాదు. ఈవిడ చెయ్యి విరిగి ఇంకో ఆస్పత్రిలో పడి ఉన్న రోజు, మన వదిన, సాటి నర్సు అయి ఉండి కూడా, గేటు బయట నిలబడింది. మీరేమవుతారు అని అడిగారట. అత్తయ్య నేర్పిన మాటే నోట్లోకి వచ్చిందట. కలిసి అద్దెకుంటున్నాం అందట. అయితే బయటే ఉండండి అన్నారు."

అత్తగారు కూతురి వైపు తిరిగింది. "ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"ఏం చెప్పను అమ్మా. నువ్వు నేర్పిన మాటేగా అది."

ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఒకదాని మీద ఒకటి పెట్టింది, మళ్లీ తీసింది. ఇంతమంది మీద ఇన్నేళ్లు పెత్తనం చేసిన చేతులకి ఎక్కడ ఉండాలో తెలియలేదు.

"ఆ రోజు తర్వాతే వదిన తన ఆస్పత్రిలో ఆ ప్రశ్న మొదలుపెట్టింది" అంది కోడలు. "అందుకే పంపాను పేరు. అంత చేసిన మనిషి ఖాళీ కుర్చీ ముందు వంగకూడదు. నన్ను వేదికెక్కనివ్వండి. ఎక్కనివ్వకపోతే..."

"ఎక్కనివ్వకపోతే?" అన్నాడు ఆయన.

ఆ తర్వాతి మాట ఆమె దగ్గర లేదు. ఇంతవరకూ వచ్చింది గానీ, ఆ మలుపు అవతల ఏముందో ఆమె కూడా చూసుకోలేదు. పుట్టింటికి పోతానని బెదిరించే వయసు దాటిపోయింది. ఈ ఇల్లు, ఆ ఇసుక పెట్టె, ఈ మనిషి, ఇవే ఆమె బతుకు. ఇవి పోగొట్టుకోవాలని ఆమెకి లేదు. అది ఆయనకీ తెలుసు. అదే ఆమె భయం.

"నువ్వు వేదికెక్కి చెబితే" అన్నాడు ఆయన, "నా పెళ్లాం కళ్లు తెరిచి నన్ను చూడొద్దనుకుంది అని ఊరంతా వింటుంది. దుకాణానికి వచ్చినవాళ్లు నా మొహం చూస్తారు. నేను వాళ్లకి అద్దాలు పెట్టాలి. అది ఆలోచించావా?"

"ఆలోచించాను."

"ఆలోచించే పంపావా?"

"పంపాక ఆలోచించాను. అప్పటినుంచీ నిద్ర లేదు."

పెద్దకూతురు లేచింది. "ఒరేయ్, వద్దులే. కుర్చీలోంచే తీసుకుంటాను. నడుం వంగదా ఏమిటి. రోజంతా మంచాల మీదకి వంగేదాన్నే."

ఆమె నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూసి స్టీరింగు గోడవైపు తిరిగిపోయింది.

అప్పుడు ఫోను మోగింది.

మధ్యాహ్నం చేస్తానన్న ఆవిడే అయి ఉంటుంది. మొగుడూ పెళ్లాల మధ్యనే ఉంది ఫోను, ఇద్దరూ ముట్టుకోలేదు. మోగుతూనే ఉంది. చివరికి అత్తగారే లేచి వచ్చింది. అలవాటైన చెయ్యి కదా, ఎత్తింది.

"ఆ. నేనే. పొద్దున మాట్లాడినదాన్నే." కాసేపు విన్నది. ఆవిడ చూపు కూతురి మీద ఆగింది, అక్కణ్ణుంచి స్టీరింగు వీపు మీదికి పోయింది. "పంపినవాళ్లా? ఉన్నారు. ఇక్కడే ఉన్నారు. మా ఇంటి మనిషే."

మా ఇంటి మనిషే అన్న ఆ మాట ఎవరి గురించి అన్నదో ఆవిడకే తెలియాలి.

ఫోను చెవికి దూరంగా తీసి చెయ్యి చాపింది. కొడుక్కీ కోడలికీ సరిగ్గా మధ్యకి. ఎవరు తీసుకుంటే వాళ్లదే.

కోడలి చెయ్యి లేచింది. కానీ ఆయన చెయ్యి ముందు వెళ్లింది.

ఫోను అందుకుని, కళ్లజోడు లేని కళ్లతో పెళ్లాన్ని చూశాడు. ఆ దూరంలో ఆమె ఆయనకి మసకగానే కనబడి ఉంటుంది.

"నేనండీ" అన్నాడు ఫోనులో. గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు తలుపు బయట నిలబడ్డవాణ్ణి."

ఆ తర్వాతి మాట కోసం నలుగురు ఆడవాళ్లూ ఒక అడుగు దగ్గరికి జరిగారు.